తూకం బల్ల దగ్గర

మా దీవికి వచ్చే విమానంలో పన్నెండే సీట్లు.
ఎక్కే ముందు అందరూ తూగాలి,
మనుషులు, చేమదుంపల బస్తాలు,
చర్చికి తెచ్చిన మైకు పెట్టె కూడా.
తూచేది నేనే, రాసేదీ నేనే.
పదకొండేళ్లుగా అదే బల్ల, అదే నీలం సిరా.

మా ఫుయివా అత్త ఎక్కితే ముల్లు అదిరిపోతుంది.
నడుముకి చుట్టుకున్న అల్లిక చాప విప్పమంటే విప్పదు.
"దాంతో కలిపే రాయవే పిల్లా,
మర్యాదకి మాత్రం బరువుండదా?"
అని పకపకా నవ్వుతుంది.
ఆ నవ్వుకి ముల్లు ఇంకో రెండు గీతలు ఊగుతుంది.
నిన్న నాలుగు కిలోలు ఎక్కువొస్తే
వెనక వాళ్లంతా చప్పట్లు కొట్టారు.
నుకుఅలోఫా ఆసుపత్రిలో నెల్లాళ్లు
మంచం పట్టి లేచిన మనిషి మరి.

ఆ వరుస చివర ఒకావిడ.
వేల్స్ నుంచట. పేరు బ్రాన్వెన్, పాస్‌పోర్టులో చూశాను.
ముందుకు రమ్మంటే వెనక్కి జరిగింది.
ఎవరూ అడక్కుండానే
ఒక్కొక్కరికీ దారిచ్చింది.

చూడనట్టే చూశాను.
మొదట బూట్లు విప్పింది.
తర్వాత బెల్టు.
వాచీ. మెడలో కెమెరా.
జేబులో చిల్లర తీసి బెంచీ మీద పోసింది.
ఆఖరికి తలలో పిన్ను కూడా.
మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి
ఉల్లిపాయలా తనని తనే ఒలుచుకుంటోంది.

ఆ ఒలుచుకోవడం నాకు తెలుసు.
చెల్లెలి పురిటికి ఆక్లాండ్ వెళ్లానొకసారి.
మూడు గంటలు కుర్చీ చేతులు రెండూ
నా తొడల్ని కొరుకుతూనే ఉన్నాయి.
బెల్టు చాలదని చెప్పడానికి నోరు రాక
శాలువా కప్పుకుని, పెట్టుకున్నట్టు నటించాను.
పక్కాయన నోరు విప్పలేదు,
ఆయన మోచెయ్యి మాత్రం దారంతా మాట్లాడింది.
నేను లావని నాకు తెలిసింది ఆ రోజే.
మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ
నేను పెద్దదాన్ని, అంతే.

"పైకి చదవకండి" అంది బల్లెక్కుతూ.
నేనెప్పుడూ చదవను.
మా వాళ్లే అరిచి అడుగుతారు, పందేలు కాస్తారు.
ఆవిడ కళ్లు మూసుకుంది.
అంకె రాశాను,
పై గడిలో చేమదుంపలు, కింది గడిలో పాస్టరు గారు.

"రెండు టికెట్లు కొనాలా?"
"ఎందుకు, ఇంకెవరైనా వస్తున్నారా?"
నిజంగానే అడిగాను.
ఆవిడ నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక
నా పెన్ను వైపు చూస్తూ నిలబడిపోయింది.

పైలట్ సెమిసి జాబితా చూసి చెవి గోక్కున్నాడు.
"ముందు తేలిపోతోంది.
వేల్స్ ఆవిణ్ణి నా పక్కన కూర్చోబెట్టు."
ఆవిడ మొహంలో రక్తం లేదు,
ఎన్నిసార్లు విని ఉంటుందో ఇలా,
అందరిముందూ లేపి
మరో చోట కూర్చోబెట్టే మాట.
"మీరు ముందుంటేనే విమానం సమంగా ఎగురుతుంది" అన్నాడు.
దయ కాదది, లెక్క.
సెమిసికి దయ తక్కువని ఊరందరికీ తెలుసు.

బెల్టుకి పొడుగు ముక్క
మా విమానంలో ప్రతి సీటుకీ తగిలించే ఉంటుంది,
ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు.
ఆవిడ లాక్కుంది. క్లిక్‌మంది.
ఇంకా కాస్త మిగిలింది కూడా.
వెనక సీట్లోంచి మా అత్త
ఉడికించిన చేమదుంప ముక్క అందించింది,
వద్దంటే ఊరుకోదు.

అద్దంలోంచి చూస్తే ఆవిడ ముందు సముద్రమంతా ఉంది,
రెక్క అడ్డం లేకుండా.

దుమ్ము అణిగాక బెంచీ తుడుస్తుంటే
కాగితం మడతలో దొరికాయి,
మెంతిగింజంత చెవిపోగులు రెండు.
ఎప్పుడు తీసిందో నేను చూడనేలేదు.
తూకం బల్ల మీద పెట్టాను.
ముల్లు కదల్లేదు.
వంగి, ముల్లుకి మొహం ఆనించి చూశాను,
కదల్లేదు.

గురువారం విమానం తిరిగొస్తుంది.
డ్రాయర్లో దాచాను, సిరా బుడ్డి పక్కన.